కిస్తు పుస్తకం తెరవని ఒక పూట కావాలి

పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రి సీతక్క గారికి బహిరంగ లేఖ



మహబూబాబాద్, అదే మా మానుకోట నుంచి రాస్తున్నాను. పండుగలు, చావులు పక్కనబెడితే మా జిల్లాలో ఆడవాళ్లు పదిమంది ఒక్కచోట కూర్చునే సందర్భం నాకు ఒకటే కనిపిస్తుంది. అది పొదుపు సంఘం మీటింగు. అంగన్‌వాడీ గదిలోనో, ఎవరింటి అరుగు మీదనో చాప పరుస్తారు. సంఘం లెక్కలు రాసే వీఓఏ పుస్తకం తెరుస్తుంది. పొదుపు ఎవరెవరు కట్టారు, బ్యాంకు లింకేజీ కిస్తు ఎవరిది ఆగింది, స్త్రీనిధి బాకీ ఎంత, ఆ తర్వాత సంతకాలు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒకామె గొంతు పూడుకుపోతే పక్కామె మోచేత్తో తట్టి "తర్వాత మాట్లాడుకుందాం తియ్యి" అంటుంది. అంతలో మిరపతోటకు తీసుకుపోయే ఆటో హారన్ కొడుతుంది. అందరూ లేస్తారు.

మీకు నా విన్నపం చిన్నదే. నెలకు ఒక్క మీటింగు ఆ పుస్తకం తెరవకుండా జరగనివ్వండి. ఆ పూట సూది, దారం, రంగు, పాట తప్ప మరో పని పెట్టకండి. అది ఎవరి దయాదాక్షిణ్యాల మీదో ఆధారపడకుండా సంఘాల పనిలో భాగంగా రాసిపెట్టండి, దానికి కొంత డబ్బు కేటాయించండి.

మిమ్మల్నే అడగడానికి కారణం ఉంది. సంఘాలను నడిపే సెర్ప్ మీ చేతిలోదే. అంగన్‌వాడీలను, సఖి కేంద్రాలను చూసే శాఖా మీదే. కొత్తగూడ, గంగారం మండలాలు జిల్లాగా మావి, నియోజకవర్గంగా మీవి. గొత్తికోయల బతుకు మీద పరిశోధన చేసి 2022లో ఉస్మానియా నుంచి డాక్టరేట్ తీసుకున్న మీకు, అడవి ఊళ్ల ఆడవాళ్లు ఏ బాధను ఎవరి ముందు చెప్పుకుంటారో, ఎవరి ముందు నోరు మెదపరో నేను వివరించి చెప్పనక్కర్లేదు.

అయినా కొన్ని సంగతులు గుర్తుచేస్తాను. 1997–98లో పత్తికి పురుగు తగిలి, కొట్టిన మందులు పనిచేయక ఉమ్మడి వరంగల్ జిల్లాలో రైతులు వరుసబెట్టి ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడు చంటిపిల్లలను చంకనేసుకుని మిగిలిన వాళ్లు ఇప్పుడు యాభై దాటిన ఆడవాళ్లు. వాళ్ల కోసం ప్రభుత్వాలు అసలేమీ చేయలేదని అనను. ప్రాణం తీసుకున్న రైతు ఇంటికి సాయం కోసం 2004లో జీఓ 421 వచ్చింది. 2015లో జీఓ 194తో సాయం 6 లక్షలకు పెరిగింది. 2018లో రైతుబీమా వచ్చింది, పట్టా ఉన్న రైతు పోతే ఇంటికి 5 లక్షలు వస్తున్నాయి. కౌలురైతు ఇంటికి అదీ రాదు. జీఓ కింద సాయం రావాలంటే ఆ ఇంటావిడ మొదట తహసీల్దారుకు, ఎస్సైకి, వ్యవసాయాధికారికి చెప్పాలి. ఆ తర్వాత ఆర్డీవో, డీఎస్పీ, ఏడీఏ కూర్చున్న త్రిసభ్య కమిటీ నమ్మాలి. అప్పు ఎంత, ఎవరి దగ్గర, కాగితం ఉందా, తాగుడు అలవాటు ఉండేదా, ఇంట్లో గొడవలు ఉండేవా? ఇవన్నీ చెప్పాలి. తన బతుకులోని ఆ ఒక్క రాత్రి గురించి ఆమె ఇంతమందికి చెప్పింది గానీ, చెప్పిన ప్రతిసారీ సాక్ష్యంగానే చెప్పింది. దుఃఖంగా చెప్పుకోవడానికి ఆమెను ఎవరూ పిలవలేదు.

2010లో మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడికి ఉమ్మడి రాష్ట్రంలో ఆడవాళ్లు ఉసురు తీసుకున్నాక, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ రోజుల్లో ఒకామె కిస్తు ఆగితే ఆమె గుంపులోని తోటివాళ్లే గుమ్మం ముందు కూర్చోవాల్సి వచ్చేది. ఆడవాళ్లకు ఆసరా కావలసిన గుంపే ఆడదాని మెడకు చుట్టుకున్న కాలం అది. ఆ బెరుకు మా ఊళ్లలో ఇంకా పూర్తిగా పోలేదు.

2024 ఆగస్టు చివరి రాత్రి కురిసిన వానకు ఆకేరు పొంగి మరిపెడ మండలం సీతారాం తండాను ముంచింది. కేసముద్రం దగ్గర కొట్టుకుపోయిన రైలుకట్టను రోజుల్లోనే మళ్లీ పోశారు, రైళ్లు నడిచాయి. మబ్బు పట్టినప్పుడల్లా గుండె దడదడలాడే తల్లుల సంగతి రాయడానికి మాత్రం నష్టపరిహారం ఫారంలో గడి లేదు.

దేశం లెక్క చూస్తే గుండె ఇంకా బరువెక్కుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ 2021 నివేదికలో ప్రాణాలు తీసుకున్న గృహిణులు 23,179 మంది. వ్యవసాయ రంగంలో పోయినవాళ్లు 10,881 మంది. రైతు చావు గురించి మనం మాట్లాడటం నేర్చుకున్నాం. మాట్లాడి తీరాలి కూడా. దానికి రెట్టింపును మించిన ఈ లెక్క మీద మాత్రం ఊళ్లో ఒక్క సభ జరగదు. పైగా ఆ గృహిణుల్లో ఎంతమంది పొద్దంతా పత్తి ఏరి, నాట్లు వేసి వచ్చినవాళ్లో! భూమి పేరు మీద లేని ఆడది ఎంత కష్టం చేసినా కాగితం మీద గృహిణే.

ఇంత బాధను మోసిన ఆడవాళ్లకు మన నేల మీద మొదటినుంచీ ఒక దారి ఉంది. లంబాడా పెళ్లిలో పెళ్లికూతురు ఒక్కొక్కరినీ పట్టుకుని ఢావ్లో పాడుతూ ఏడుస్తుంది. ఆ ఏడుపుకు రాగం ఉంది, మాటలున్నాయి, పెద్ద ఆడవాళ్లు దాన్ని ముందుగా నేర్పుతారు. మన ఊళ్లలో పీనుగు పక్కన కూర్చుని ముసలవ్వలు తీసే శోకాల్లో పోయినవాడి బతుకంతా వరుసగా వస్తుంది. బతుకమ్మ చుట్టూ తిరిగే పాటల్లో అత్తింటి ఆరళ్లు, పుట్టింటి మీద బెంగ, అన్నదమ్ముల మీద అలక అన్నీ ఉంటాయి. నేరుగా అంటే నోరు నొక్కేసే మాటలను ఆ వలయంలో పదిమంది చప్పట్ల మధ్య గట్టిగా అనొచ్చు.

కానీ ఒక్కటి చూడండి. ఇంట్లో చావు జరిగిన ఏడాది ఆ ఇంట బతుకమ్మ పేర్చరు. తండాలో భర్త పోతే పెళ్లి గుర్తుగా పెట్టుకున్న ఘుగ్రీలు తీసేస్తారు, గాజులు తీసేస్తారు, అద్దాల రవిక (కాంచళి) పెట్టెలోకి పోతుంది. పువ్వు, పాట, అద్దం, రంగుదారం అన్నీ ఐదోతనంతో ముడిపడ్డాయి. అందుకే ఎవరికి అవి ఎక్కువ కావాలో సరిగ్గా ఆమెనే వలయం బయట నిలబెడతాం. పండుగతో, ఐదోతనంతో సంబంధం లేని ఒక కూడిక కావాలని నేను అడిగేది ఇందుకే. అక్కడికి ఎవరైనా రావచ్చు. భర్త పోయినామె రావచ్చు, వదిలేసినవాడి కోసం ఎదురుచూసేది రావచ్చు, పిల్లలు లేరని మాటలు పడేది రావచ్చు, తాగి వచ్చినవాడి దెబ్బలు తిని వీపు దాచుకునేది రావచ్చు.

గూడూరు వైపు ఒక తండాలో నేను చూసింది చెబుతాను. డెబ్బై దాటిన ఒక అవ్వ తన పెళ్లినాటి కాంచళి తీసి మాకు చూపిస్తోంది. ఎరుపు గుడ్డ నల్లబడింది, గవ్వలు కొన్ని రాలిపోయాయి, కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. అద్దానికి రంధ్రం ఉండదు కదా, మరి గుడ్డకు ఎట్లా అంటుకుందని ఒక అమ్మాయి అడిగింది. అవ్వ చిన్న అద్దం ముక్క బట్ట మీద పెట్టి, దాని మీదుగా అడ్డంగా రెండు పోగులు, నిలువుగా రెండు పోగులు లాగింది. ఆ పోగులను పట్టుకుని చుట్టూ కుట్టు వేసుకుంటూ పోయింది. అంచు మూసుకుంటుంటే అద్దం గుడ్డలో కూర్చుంది.

గడప దగ్గర దూరంగా ఒకామె కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ఆమె భర్త పురుగుమందు తాగి పోయి ఏడాది అయిందని తర్వాత తెలిసింది. అవ్వ ఆమెను దగ్గరకు పిలవలేదు, ఓదార్చలేదు. "నాకు కనపడ్త లేదు, దారం ఎక్కియ్యి" అని సూది ఇచ్చింది. ఎక్కించాక తిరిగి తీసుకోలేదు. గుడ్డముక్క ఒకటి ఆమె మీదికి విసిరింది. మిరపకాయలు ఏరి ఏరి చర్మం మండిపోయిన వేళ్లవి. సూది జారిపోతోంది. చాలాసేపటికి, గుడ్డ మీదినుంచి చూపు ఎత్తకుండానే, "ఆ రాత్రి ఇంకింత అన్నం పెట్టమన్నడు" అంది. ఎవరూ మాట్లాడలేదు. అవ్వ మాత్రం "దారం అంత గట్టిగ గుంజకు, బట్ట ముడుసుకుంటది" అంది. ఆమె దారం వదులు చేసుకుని మిగతాది చెప్పింది. చెప్పినంతసేపూ కుడుతూనే ఉంది.

చేతిలో పని ఉన్నప్పుడు మాట ఎందుకు వస్తుందో ఆలోచించాను. ఒకరి ముఖం ఒకరు చూడక్కర్లేదు. మధ్యలో ఆగిపోతే ఇబ్బంది లేదు, కుట్టు ఉంది. వినేవాళ్లకు ఏం జవాబు చెప్పాలనే తొందర ఉండదు. ఇంకో పెద్ద సంగతి ఏమిటంటే, ఇంట్లో అత్త "యాడికి?" అని అడిగితే చెప్పడానికి "కుట్టుకు పోతున్న" అనే జవాబు ఉంటుంది. మనసు బాగాలేదని దవాఖానకు పోతే ఊరు పిచ్చి అని పేరు పెడుతుంది. రంధితో కుమిలి, మనాది పెట్టుకుని నిద్రాహారాలు మానేసిన ఆడవాళ్లు తలనొప్పి అని, నడుంనొప్పి అని ఆర్‌ఎంపీ దగ్గర సూదిమందు వేయించుకుని తిరిగొస్తున్నారు.

ఇది నా ఒక్కదాని భావుకత అనుకోకండి. తమిళనాడు ధర్మపురి జిల్లా సిత్తిలింగి లోయలో 1993 నుంచి ఇద్దరు డాక్టర్లు, రెజీ జార్జ్, లలితా రెజీ, గిరిజనుల కోసం ఆసుపత్రి నడుపుతున్నారు. ఆ లోయలోనూ మన లంబాడాలు ఉన్నారు. అక్కడ కుట్టు వచ్చినవాళ్లు ఇద్దరు ముసలమ్మలే మిగిలారు. డాక్టర్ లలిత పూనుకుని వాళ్ల చేత వయసు ఆడవాళ్లకు నేర్పించారు. అదే ఇప్పుడు పోర్గై అనే సంఘం. వాళ్లు కుట్టినవి అమ్ముడుపోతున్నాయి, చేతికి డబ్బు వస్తోంది. మనం నేర్చుకోవలసిన సంగతి నా దృష్టిలో ఇంకొకటి ఉంది. దీన్ని మొదలుపెట్టింది పరిశ్రమల శాఖ కాదు, కాన్పులు చేసే డాక్టరు. ఒళ్లు బాగుచేసే చోటి నుంచే సూదీ దారం కూడా వచ్చాయి.

జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో హరారేలోని ఎంబారే బస్తీలో పద్నాలుగు మంది అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రం ఆవరణలో బల్ల మీద కూర్చోబెట్టాడు. కుంగిపోయినవాళ్లు వచ్చి ఆ అమ్మమ్మలతో మాట్లాడతారు. 573 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2016లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చాయి. అమ్మమ్మల దగ్గర కూర్చున్నవాళ్లలో కుంగుబాటు స్పష్టంగా తగ్గింది. బల్ల దగ్గర మాటలు అయ్యాక ఆ ఆడవాళ్లు గుంపుగా కూడతారు. పారేసిన ప్లాస్టిక్‌ను పోగులుగా చేసి సంచులు అల్లుతూ మాట్లాడుకుంటారు. డాక్టర్లు చాలని దేశం ఇంత చేయగలిగితే, ఊరూరా సంఘం, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు ఉన్న మనకు అడ్డం ఏముంది? కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధంపై డైసీ ఫాంకోర్ట్, సర్షా ఫిన్ కలిసి తయారుచేసిన నివేదికను ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో ప్రచురించింది. తొమ్మిది వందలకు పైగా ప్రచురణలను వడపోసిన ఆ నివేదిక, పాట, నాట్యం, చేతిపని మనసుకూ ఒంటికీ మేలు చేస్తాయనే చెప్పింది.

చిలీ దేశపు కథ నన్ను ఎక్కువగా పట్టుకుంది. 1973 సెప్టెంబరు 11న అక్కడ సైన్యం గద్దెనెక్కాక వేలమందిని పట్టుకుపోయారు. చాలామంది మళ్లీ ఇంటికి రాలేదు. శాంటియాగో పేదవాడల్లో వాళ్ల తల్లులు, భార్యలు చర్చి నీడన చేరి గోనెగుడ్డ మీద పాతబట్టల ముక్కలతో బొమ్మలు కుట్టారు. కొన్నిసార్లు ఆ ముక్కలు పోయినవాళ్ల చొక్కాలవే. తాళం పడిన ఫ్యాక్టరీ, ఖాళీ కుర్చీ, జైలు గోడ, అందరూ కలిసి వండుకునే గంజి ఆ గుడ్డల మీద కనిపిస్తాయి. అర్పియేరాలు అనే ఆ గుడ్డబొమ్మలు దేశం దాటి వెళ్లి, చిలీలో జరుగుతున్నదేమిటో ప్రపంచానికి చూపించాయి. నోటితో అంటే ప్రాణం పోయే మాటను వాళ్లు గుడ్డ మీద అన్నారు.

మన దగ్గరా ఇటువంటిది జరిగింది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం ఊరూరికీ కళాజాతాలను తీసుకెళ్లింది. వాచకంలో తాగుబోతు మొగుడి చేతిలో నలిగిన సీతమ్మ కథ ఉంది. రాత్రిబడిలో ఆ కథ చదివిన దూబగుంట ఆడవాళ్లు, ఇది మన కథే కదా అనుకున్నారు. ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ మంట జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించక ప్రభుత్వానికి తప్పలేదు. తన ఒక్కదాని ఖర్మ అనుకున్నది పదిమంది గోడు అని తెలియడమే ఆ ఆడవాళ్ల నడుము నిలబెట్టింది. ఈనాడు మా తండాల్లో బెల్టుషాపులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. కాబట్టి ఆడవాళ్లను కుట్టుకు కూర్చోబెడితే వాళ్లు కుట్టుతోనే ఆగరు. ప్రభుత్వం దానికీ సిద్ధపడాలి.

ఇప్పుడు నా భయాలు చెబుతాను. మీరు సరేనని ఒక ఉత్తర్వు ఇస్తే అది కిందికి వచ్చేసరికి టార్గెట్ అయిపోతుంది. మండలానికి ఇన్ని గుంపులు, గుంపుకు ఇన్ని బొమ్మలు, నెలాఖరుకు ఫొటోలు వాట్సాప్‌లో పెట్టాలి. 2023 జూలైలో హంపిలో జీ20 సమావేశాల సందర్భంగా 450 మందికి పైగా లంబాణీ ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులను ఒక్కచోట పేర్చి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ కుట్టుకు అది గౌరవమే, వాళ్ల కష్టానికి దక్కాల్సిందే. నేను అడుగుతున్నది మాత్రం అందుకు పూర్తిగా వేరు. ఇక్కడ కుట్టినది వంకరగా ఉండొచ్చు, సగంలో ఆగిపోవచ్చు, ఎవరికీ చూపించకుండా ఇంటికి తీసుకుపోవచ్చు. స్కూలు పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు, చాలా మంచి పని, దానివల్ల కూలి దొరుకుతోంది. ఈ పూటను మాత్రం దానితో కలపకండి. పీసుకింత అని లెక్క మొదలైందంటే సూది మళ్లీ పొలం పనిలాంటిదే అవుతుంది.

కూలి సంగతి మాత్రం మరిచిపోకూడదు. పూట కూలి పోగొట్టుకుని ఎవరూ మనసు కుదుటపరచుకోవడానికి రారు. అందుకే మిరప, పత్తి ఏరే నెలల్లో రాత్రిపూట, మిగతా కాలంలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లే వేళ నిర్ణయించుకోనివ్వండి. నేర్పే అవ్వలకు గౌరవ వేతనం ఇవ్వండి. కాంచళి కుట్టు వచ్చిన అవ్వలు, శోకం తీయగల ముసలమ్మలు, కోయ గూడేల్లో రేలా పాడేవాళ్లు మన జిల్లాలో ఇంకా ఉన్నారు. పదేళ్లు ఆగితే ఉండరు. పట్నం నుంచి ట్రైనర్లను తెచ్చి వాళ్ల స్థానంలో నిలబెట్టకండి. గుడ్డ, దారం, అద్దాలు, టీ, చంటిపిల్లలను చూసుకునే ఒక ఆయా, ఖర్చంతా ఇంతే.

కుట్టుతో అన్నీ నయమైపోతాయని నేను చెప్పడం లేదు. చచ్చిపోవాలని ఉందని ఒకామె అంటే ఆ గుంపు ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. మానసిక సాయం అందించే టెలిమానస్ నంబరు 14416 ఆ గది గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి, ఆశా కార్యకర్త నెలకోసారైనా అక్కడ కూర్చోవాలి, జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకుపోయే మనిషి ఎవరో ఖాయం కావాలి. దెబ్బలు తిన్నామె చెప్పుకుంటే సఖి కేంద్రం దాకా తోడు వెళ్లాలి. అప్పును తీర్చాల్సింది ప్రభుత్వమే, కౌలుకార్డు ఇవ్వాల్సింది ప్రభుత్వమే. పాట పాడించి ఆ బాకీని మాఫీ చేసుకోవద్దని కూడా ఈ లేఖలోనే కోరుతున్నాను.

సంఘాలకు పంచసూత్రాలు ఉన్నాయి: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. తర్వాత ఆరోగ్యం, చదువు వంటివి చేర్చి పది చేశారు. మనసు మాట ఆ పదింటిలో ఎక్కడా నేరుగా లేదు. దాన్ని ఆరోగ్యం కిందనైనా రాయండి. శ్రావణంలో తీజ్ బుట్టల్లో గోధుమ మొలకలు పోసే వేళకు కొత్తగూడ, గంగారం, మరిపెడ మండలాల్లో మొదలుపెట్టొచ్చు. సీతారాం తండాను మొదటి జాబితాలోనే చేర్చమని అడుగుతున్నాను. ఏడాది నడిచాక ఎన్ని కుట్టారని అడగకండి. ఎంతమంది మళ్లీ మళ్లీ వచ్చారో, ఎవరు రావడం మానేశారో, ఎందుకు మానేశారో ఆ ఆడవాళ్లనే అడిగి తెలుసుకోండి.

సెర్ప్ వచ్చే ఏడాది ప్రణాళికలో ఈ ఒక్క పద్దు ఉందో లేదో మానుకోటలో మేం చూస్తాం. లేకపోతే మళ్లీ రాస్తాను.

ఇట్లు,
మహబూబాబాద్ జిల్లా నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయురాలు